సోషియాలజీలో పీజీ: ఎం.ఏ.నా, పీహెచ్‌డీనా, ఎలాంటి డిపార్ట్‌మెంట్?

"సోషియాలజీ చదవాలనుంది, ఏ యూనివర్సిటీ మంచిది?" అని అడిగేవాళ్లకు నేను వెంటనే పేరు చెప్పను. ముందు ఒక ప్రశ్న వేస్తాను. రాబోయే రెండేళ్లో ఆరేళ్లో, రోజూ పొద్దున లేచాక మీరు ఏ పని చేస్తూ గడపాలనుకుంటున్నారు? మనుషుల దగ్గర కూర్చుని గంటల తరబడి వాళ్ల మాటలు వింటూనా? వేల మంది సర్వే జవాబులను కంప్యూటర్‌లో వేసి లెక్కలు చూస్తూనా? పాత రికార్డుల గదిలో కాగితాలు తిరగేస్తూనా? ఈ మూడూ సోషియాలజీయే. కానీ మూడూ ఒకే మనిషికి నప్పవు. మూడింటినీ ఒకే స్థాయిలో నేర్పే డిపార్ట్‌మెంట్లు కూడా తక్కువే.

ఈ తేడా ఈ శాస్త్రం పుట్టుకలోనే ఉంది. ఫ్రెంచ్ సోషియాలజిస్టు ఎమిల్ డుర్ఖైమ్ 1897లో ఆత్మహత్యల మీద అధ్యయనం ప్రచురించినప్పుడు ఆయన ఆధారపడింది ప్రభుత్వ గణాంకాల మీద. ఏ మతం వాళ్లలో ఎన్ని, పెళ్లయినవాళ్లలో ఎన్ని, కానివాళ్లలో ఎన్ని అని పోల్చి చూసి, ఎవరికి వారు తీసుకున్నట్టు కనిపించే నిర్ణయం వెనక సమాజం ఎలా ఉందో చూపించారు. దాదాపు అదే కాలంలో అమెరికాలో డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ ఫిలడెల్ఫియా నగరం ఏడో వార్డులో ఇల్లిల్లూ తిరిగి నల్లజాతి కుటుంబాల బతుకును నమోదు చేశారు. ఆ అధ్యయనం 1899లో వచ్చింది. 1892లో మొదలైన షికాగో యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్‌లో రాబర్ట్ పార్క్ తన విద్యార్థులను నగర వీధుల్లోకి పంపేవారు. కొలంబియాలో పాల్ లాజర్స్‌ఫెల్డ్ సర్వే పరిశోధనకు గట్టి పునాది వేశారు. ఇప్పటికీ ఏ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్ తెరిచినా, అక్కడివాళ్ల మనసు ఈ దారుల్లో ఎటు మొగ్గుతుందో కాస్త ఓపికగా చూస్తే తెలిసిపోతుంది.

అందుకే నా వరుస ఇది: ముందు పద్ధతి, తర్వాత అంశం, ఆ తర్వాతే యూనివర్సిటీ పేరు. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. పేరు చూసి చేరతారు, మొదటి సెమిస్టర్‌లో అంశం వెతుక్కుంటారు, థీసిస్ మొదలయ్యాక గానీ తమకు కావాల్సిన పద్ధతి నేర్పే మనిషి అక్కడ లేరని తెలియదు. నా విషయంలోనూ కొంత ఇదే జరిగింది. ఇంటర్వ్యూలతో పరిశోధన చేద్దామని చేరాను. ఆ డిపార్ట్‌మెంట్‌లో ఇంటర్వ్యూ ఎలా చేయాలో నేర్పే కోర్సు పేరుకు మాత్రమే ఉండేది. ఏడాది తర్వాత వేరే డిపార్ట్‌మెంట్ టీచరు ఒకరు దయతో నా నోట్సు చదవకపోతే ఆ పని ఎక్కడో ఆగిపోయేది.

మీకు ఏ పద్ధతి నప్పుతుందో అప్లికేషన్ పెట్టకముందే తెలుసుకోవచ్చు. రెండు వారాంతాలు చాలు. మొదటి వారాంతం మీకు ఆసక్తి ఉన్న ఏదో విషయం మీద ఒక మనిషితో, వాళ్ల అనుమతితో రికార్డు చేస్తూ, గంటసేపు మాట్లాడండి. తర్వాత ఆ గంటనీ మాట పొల్లుపోకుండా రాయండి. గంట మాటలు రాయడానికి నాలుగైదు గంటలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ రాతలో మునిగిపోయి టైమ్ మర్చిపోయారా, లేక ఎప్పుడు అయిపోతుందా అని గడియారం చూశారా? రెండో వారాంతం వరల్డ్ వాల్యూస్ సర్వే డేటాను దింపుకోండి. అది 1981లో మొదలై ఎన్నో దేశాల్లో విడతలుగా సాగుతున్న సర్వే, డేటా ఉచితం. ఒక చిన్న ప్రశ్న తీసుకుని, ఇతరుల మీద నమ్మకం వయసును బట్టి మారుతోందా అన్నట్టుగా, ఒక్క పట్టిక తయారు చేయండి. అంకెలు కుదరకపోతే ఎందుకు కుదరలేదా అని రాత్రి కూడా ఆలోచించారంటే, మీ దారి అటు ఉండొచ్చు. రెండూ నచ్చితే మరీ మంచిది. రెండూ విసుగనిపిస్తే, సమాజం గురించి చదవడం వేరు, పరిశోధన చేయడం వేరు అని గుర్తుపెట్టుకుని, పీహెచ్‌డీ ఆలోచనను కొన్నాళ్లు పక్కనబెట్టి ఎం.ఏ. వైపు చూడండి.

అసలు సోషియాలజీయేనా?

దీనికి చుట్టుపక్కల నాలుగు ఇళ్లున్నాయి. తలుపు తట్టేముందు సరైన ఇల్లో కాదో చూసుకోవాలి. మనుషులకు నేరుగా సాయపడే వృత్తి కావాలంటే అది సోషల్ వర్క్. అక్కడ కోర్సులో భాగంగానే సంస్థల్లో పనిచేయిస్తారు, చాలా దేశాల్లో ఆ వృత్తికి లైసెన్సో రిజిస్ట్రేషనో కూడా ఉంటుంది. సోషియాలజీ డిగ్రీ దానికి బదులు కాదు. పేదరికం ఎందుకు కొనసాగుతోందని అడిగేది సోషియాలజీ, ఏ పథకం పెడితే ఎంత తగ్గుతుంది, ఖర్చెంత అని అడిగేది పబ్లిక్ పాలసీ. జనన మరణాలు, వలసలు, వయసుల లెక్కలే మీ ఆసక్తి అయితే డెమోగ్రఫీ. ఏదో ఒకచోట ఏడాదో రెండేళ్లో ఉండి అక్కడి జీవితాన్ని లోపలి నుంచి అర్థం చేసుకోవాలనుంటే ఆంత్రొపాలజీ ఇంకా దగ్గర. ఈ ఆఖరి గోడ మాత్రం చాలా పల్చన. ఎన్నో యూనివర్సిటీల్లో రెండూ ఒకే డిపార్ట్‌మెంట్‌లో ఉంటాయి, కాబట్టి పేరు కంటే అక్కడి టీచర్లు ఏం చేస్తున్నారన్నదే ముఖ్యం.

డిగ్రీలో సోషియాలజీ చదవనివాళ్లు వెనకాడనక్కర్లేదు. ఇంజనీరింగ్, సాహిత్యం, నర్సింగ్, చరిత్ర చదివినవాళ్లు ఈ శాస్త్రంలోకి వచ్చి బాగా పనిచేస్తారు. కాకపోతే వాళ్లకు నేరుగా పీహెచ్‌డీ కంటే ముందు ఎం.ఏ. మేలు. ఈ శాస్త్రానికి పునాది వేసిన మార్క్స్, వెబర్, డుర్ఖైమ్‌లను తొలిసారి చదవడానికి, చదివినదానితో వాదించడం నేర్చుకోవడానికి కొంత సమయం కావాలి.

ఎం.ఏ.నా, నేరుగా పీహెచ్‌డీనా?

ఇక్కడ దేశాన్ని బట్టి జవాబు మారుతుంది, ఎందుకంటే ఒకే పేరున్న డిగ్రీ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

అమెరికాలో పీహెచ్‌డీకి ముందు ఎం.ఏ. ఉండి తీరాలన్న నియమం చాలా డిపార్ట్‌మెంట్లలో లేదు. బ్యాచిలర్స్ తర్వాత నేరుగా చేరవచ్చు. మొదటి రెండేళ్లు క్లాసులు, ఆ తర్వాత పెద్ద పరీక్షలు, ఆపైన పరిశోధన ప్రతిపాదన, చివరికి డిసర్టేషన్, అంటే పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం. మొత్తం ఐదు నుంచి ఏడేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ. మధ్యలో ఎం.ఏ. పట్టా చేతికొస్తుంది. బ్రిటన్‌లో ఫుల్‌టైమ్ మాస్టర్స్ సాధారణంగా ఒక్క ఏడాది, బ్రిటన్ సొంత లెక్కలో 180 క్రెడిట్లు. పీహెచ్‌డీ మూడు నాలుగేళ్లు, దాదాపు అంతా పరిశోధనే. అందుకే అప్లై చేసేటప్పుడే పరిశోధన ప్రతిపాదన అడుగుతారు. యూరప్ దేశాల్లో 1999 నాటి బొలోన్యా ఒప్పందం తర్వాత బ్యాచిలర్స్, మాస్టర్స్, డాక్టరేట్ అనే మూడు మెట్లు స్థిరపడ్డాయి. మాస్టర్స్ చాలావరకు రెండేళ్లు, యూరప్ ఉమ్మడి లెక్కలో 120 క్రెడిట్లు (బ్రిటన్ క్రెడిట్లూ ఇవీ ఒకటి కాదు). నెదర్లాండ్స్‌లోనూ, స్వీడన్, నార్వే లాంటి నార్డిక్ దేశాల్లోనూ డాక్టరేట్ చాలావరకు జీతంతో కూడిన ఉద్యోగం. ఖాళీ ప్రకటిస్తారు, మీరు ఆ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తారు, ఎక్కువసార్లు అంశం కూడా ముందే నిర్ణయమై ఉంటుంది. జర్మనీలో ఒప్పుకునే ప్రొఫెసర్‌ను స్వయంగా వెతుక్కుని చేసే పద్ధతీ ఉంది, తరగతులతో సాగే గ్రాడ్యుయేట్ స్కూల్ పద్ధతీ ఉంది.

వీటిలో ఏది మంచిదన్నది మీ ప్రశ్న ఎంత పండిందన్నదాన్ని బట్టి ఉంటుంది. మీ ప్రశ్నను ఇప్పుడే రెండు పేజీల్లో రాయగలరా? ఎవరిని అడుగుతారు, ఎక్కడ, ఎలా, అప్పటికే ఎవరేం చెప్పారు అన్నవి అందులో ఉండగలవా? ఉంటే బ్రిటన్ తరహా పీహెచ్‌డీలో మీ సమయం కలిసొస్తుంది. "వలసల మీద ఏదో చేయాలి" అన్న దగ్గరే ఉంటే, రెండేళ్ల క్లాసులున్న అమెరికా తరహా చదువో, విడిగా రెండేళ్ల ఎం.ఏ.నో మీకు ఊపిరి తీసుకునే చోటు ఇస్తుంది. ప్రశ్న పండకుండా మూడేళ్ల పీహెచ్‌డీలో చేరినవాళ్లు మొదటి ఏడాదంతా ప్రశ్న వెతకడానికే ఖర్చుపెట్టి, ఆఖరి ఏడాది విపరీతమైన టెన్షన్ పడడం నేను చాలాసార్లు చూశాను. వాళ్ల తెలివికి లోటేమీ లేదు. వాళ్లు దిగిన చట్రం వాళ్లకు సరిపోలేదు, అంతే.

ఒక ఏడాది మాస్టర్స్‌లో ఇంకో చిక్కుంది. చేరిన రెండు మూడు నెలలకే తర్వాతి చదువుకు అప్లికేషన్లు పెట్టే కాలం వచ్చేస్తుంది. అప్పటికి మీరు రాసిన పెద్ద పేపరు ఒక్కటీ ఉండదు, మిమ్మల్ని బాగా ఎరిగి రికమెండేషన్ లెటర్ రాయగల టీచరూ ఉండరు. పీహెచ్‌డీ మీ గురి అయితే రెండేళ్ల కోర్సుకు, లేదంటే ఏడాది కోర్సు తర్వాత ఒక ఏడాది ఎక్కడైనా పరిశోధన సహాయకులుగా పనిచేయడానికి నా ఓటు.

మాస్టర్స్‌లోనూ రెండు రకాలున్నాయి. క్లాసులూ పేపర్లూ ప్రధానంగా ఉండేది ఒకటి, థీసిస్ ప్రధానంగా ఉండేది ఇంకొకటి. రెండోదాన్ని కొన్నిచోట్ల ఎం.ఫిల్ అనీ, కొన్నిచోట్ల రీసెర్చ్ మాస్టర్స్ అనీ అంటారు. చదువయ్యాక ఉద్యోగం అనుకునేవాళ్లకు మొదటిది, అదీ గట్టి మెథడ్స్ కోర్సులు, అంటే పరిశోధన పద్ధతులు నేర్పే కోర్సులు, ఉంటేనే. పరిశోధనలోకి వెళ్లేవాళ్లకు రెండోది. దూరవిద్య, ఆన్‌లైన్ ఎం.ఏ.లు ఉద్యోగం మానలేనివాళ్లకు, ప్రమోషన్ కోసం పట్టా అవసరమైనవాళ్లకు పనికొస్తాయి. పీహెచ్‌డీ ఉద్దేశం ఉంటే వాటిలో చేరే ముందు థీసిస్ ఉందా, దాన్ని ఎవరైనా పక్కనుండి చదువుతారా అని అడగండి.

డిపార్ట్‌మెంట్‌ను చదవడం

యూనివర్సిటీ ర్యాంకు మొత్తం సంస్థది. మీరు ఉండబోయేది ఒక్క డిపార్ట్‌మెంట్‌లో, దాంట్లోనూ ముగ్గురు నలుగురు మనుషుల మధ్య. కాబట్టి ర్యాంకుల జాబితా మూసేసి సిలబస్ తెరవండి. మెథడ్స్ కోర్సులు ఎన్ని? గణాంకాలంటే ఒకే కోర్సుతో సరిపెట్టారా, లేక రిగ్రెషన్ (ఒక అంశం మారితే ఇంకోటి ఎంత మారుతుందో లెక్కగట్టే పద్ధతి) దాకా, ఆపైన కూడా తీసుకెళ్తారా? ఆర్ గానీ స్టాటా గానీ, ఈ గణాంకాల సాఫ్ట్‌వేర్లను క్లాసులో చేతులతో చేయిస్తారా? ఇంటర్వ్యూలు, పరిశీలనలతో సాగే గుణాత్మక పరిశోధనకు విడిగా కోర్సుందా, ఉంటే అందులో విద్యార్థి నిజంగా ఫీల్డ్‌కి వెళ్తాడా, లేక ఫీల్డ్ వర్క్ గురించి వ్యాసాలు చదివి పరీక్ష రాస్తాడా? ఈ ఆఖరి ప్రశ్నకు జవాబు వెబ్‌సైట్‌లో దొరకదు, అక్కడ చదువుతున్నవాళ్లను అడగాల్సిందే.

గత నాలుగైదేళ్లలో అక్కడ పూర్తయిన థీసిస్‌ల పేర్లు చూడడం నాకు అన్నిటికంటే నమ్మకమైన దారి. చాలా యూనివర్సిటీల లైబ్రరీలు వాటిని ఆన్‌లైన్‌లో పెడతాయి. రెండు మూడు తెరిచి పద్ధతుల అధ్యాయం మాత్రం చదవండి. ఆ అధ్యాయం ఐదు పేజీల్లో, ఎక్కడో చదివినట్టున్న వాక్యాలతో ఉంటే, అక్కడ పద్ధతిని ఎవరూ పట్టించుకోవడం లేదని అర్థం. ఎవరిని ఎలా కలిశారు, ఎవరు మాట్లాడనన్నారు, తన కులమో రంగో ఆడ మగ తేడానో ఎదుటివాళ్ల జవాబును ఎలా మార్చి ఉంటుంది అని రాసిన అధ్యాయం కనిపిస్తే, ఆ థీసిస్‌కు గైడ్ ఎవరో పేరు రాసుకోండి. అలాగే కృతజ్ఞతల పేజీ వదలొద్దు. ప్రతి డ్రాఫ్టూ చదివే గైడ్ ఉంటే, ఆ మాట ఎవరో ఒకరు అక్కడ రాసి తీరతారు.

సంఖ్యల వైపా, మాటల వైపా అన్న తగువులో పక్షం ఎంచుకోమని నేనెవరికీ చెప్పను. కానీ మీది ఒకవైపు బలంగా ఉన్నప్పుడు రెండోదాన్ని పనికిరానిదిగా చూసే చోటికి వెళ్లొద్దు. ఫీల్డ్ వర్క్ చేసేవాళ్లు కూడా సర్వే పట్టిక చదవగలగాలి. షికాగో యూనివర్సిటీలోని నోర్క్ సంస్థ 1972 నుంచి జరుపుతున్న జనరల్ సోషల్ సర్వే లాంటి డేటాతో పనిచేసేవాళ్లకు, ఆ ప్రశ్నకు జవాబిచ్చిన మనిషి అదే ప్రశ్నను ఇంకోలా అర్థం చేసుకుని ఉండొచ్చన్న స్పృహ ఉండాలి. ఇప్పుడు సోషల్ మీడియా రాతలనూ పత్రికల పాత సంచికలనూ కంప్యూటర్‌తో విశ్లేషించే పద్ధతి కూడా బలపడింది. దానిమీద ఆసక్తి ఉంటే, డిపార్ట్‌మెంట్‌లో కనీసం ఇద్దరైనా ఆ పని చేస్తున్నారో లేదో చూడండి. ఒక్కరే ఉంటే, ఆ ఒక్కరూ వేరేచోటికి వెళ్లిపోయిన రోజున మీరు ఒంటరి అవుతారు.

ఇదే జాగ్రత్త గైడ్ విషయంలోనూ. పేరున్న ప్రొఫెసర్ దగ్గర చేరడమా, అంతగా పేరు లేని యువ టీచరు దగ్గర చేరడమా అన్నది అందరికీ వచ్చే ప్రశ్న. పెద్దవారి లెటర్ బలంగా పనిచేస్తుంది, కాదనను. కానీ వాళ్లకు పదిమంది విద్యార్థులుంటారు, రిటైర్మెంట్ దగ్గర పడి ఉండొచ్చు. యువ టీచర్లు డ్రాఫ్టుల మీద గంటలు కూర్చుంటారు, కొత్త పద్ధతులు తెలిసినవాళ్లయి ఉంటారు, అయితే వాళ్ల ఉద్యోగమే ఇంకా ఖాయం కాకపోవచ్చు. థీసిస్‌ను కొందరు టీచర్ల కమిటీ చూసే పద్ధతిలో ఇద్దర్నీ తీసుకోవచ్చు. ఒక్క గైడ్ మీదే నడిచే చోట అయితే నేను చదివే మనిషినే ఎంచుకోమంటాను. సోషియాలజీలో పనంతా రాతే. ఆ రాతను ఎవరూ చదవకపోతే మూడో ఏడాదికి మీకు మీ మీదే నమ్మకం పోతుంది.

డబ్బు, ఆ తర్వాత ఉద్యోగం

మాస్టర్స్‌కు సొంత డబ్బు పెట్టడం చాలా దేశాల్లో మామూలే. అమెరికాలో విడిగా చేసే ఎం.ఏ.కు ఆర్థిక సాయం అరుదు. అదే దేశంలో సోషియాలజీ పీహెచ్‌డీకి మంచి డిపార్ట్‌మెంట్లు ట్యూషన్ ఫీజు మాఫీ చేసి, టీచింగ్ అసిస్టెంట్‌గానో రీసెర్చ్ అసిస్టెంట్‌గానో పనిచేసినందుకు స్టైపెండ్ ఇస్తాయి. అందుకే కొందరికి అమెరికా పీహెచ్‌డీ అమెరికా ఎం.ఏ. కంటే తక్కువ ఖర్చుతో పూర్తవుతుంది. వినడానికి వింతగా ఉన్నా నిజం. అయితే ఖర్చు తక్కువని మాత్రమే పీహెచ్‌డీలోకి దిగకండి, అయిదారేళ్ల వయసు కూడా ఖర్చే.

ఫెలోషిప్ లేకుండా, జీతం లేకుండా, అప్పు చేసి ఫుల్‌టైమ్ సోషియాలజీ పీహెచ్‌డీ చేయమని నేను ఎవరికీ సలహా ఇవ్వను. ఈ మాట కఠినంగా ఉందని తెలుసు. ఇంట్లో డబ్బున్నవాళ్లే ఈ శాస్త్రం చదవగలిగితే ఈ శాస్త్రానికే నష్టం, ఆ బాధ నాకుంది. కానీ యూనివర్సిటీ ఉద్యోగాలు పీహెచ్‌డీలు పూర్తిచేసేవాళ్ల సంఖ్యకు తగ్గట్టు లేవు, తీర్చలేని అప్పుతో బయటికి రావడం మనిషిని విరిచేస్తుంది. డబ్బు దొరికేదాకా ఒక ఏడాది ఆగి, ప్రతిపాదనను మెరుగుపరుచుకుని మళ్లీ అప్లై చేయడంలో తప్పేమీ లేదు.

ఎం.ఏ. తర్వాత బయట ఉండే పనులు చాలామంది అనుకునేదానికంటే ఎక్కువే. ప్రభుత్వ గణాంక విభాగాలు, సర్వే సంస్థలు, స్వచ్ఛంద సంస్థల్లో పథకాల మూల్యాంకనం, కంపెనీల్లో వినియోగదారులు ఒక వస్తువును నిజంగా ఎలా వాడుతున్నారో తెలుసుకునే పరిశోధన, జర్నలిజం. వీటిలో మిమ్మల్ని తీసుకునేవాళ్లు అడిగేది సిద్ధాంతాల పేర్లు కాదు. ప్రశ్నావళి తయారు చేయగలరా, శాంపిల్ ఎలా తీస్తారు, ఇంటర్వ్యూ నడపగలరా, తేలినదాన్ని నాలుగు పేజీల్లో అందరికీ అర్థమయ్యేలా రాయగలరా అని అడుగుతారు. మళ్లీ మెథడ్స్ దగ్గరికే వచ్చాం.

చేతిలో రెండు ఆఫర్లు ఉన్నప్పుడు

ఒకటి పెద్ద పేరున్న చోటు, సగం ఫండింగ్. ఇంకొకటి అంత పేరు లేనిది, పూర్తి ఫండింగ్, మీ పద్ధతి నేర్పే గైడ్. ఇలాంటప్పుడు నేను రెండోదే అంటాను. సగం ఫండింగ్‌తో చేరినవాళ్లు మిగతా సగం కోసం వేరే పనులు చేస్తూ, ఫీల్డ్ వర్క్‌కు వెళ్లాల్సిన నెలలను పోగొట్టుకుంటారు. రెండుచోట్లా డబ్బు సమానంగా ఉంటే, ఇప్పుడు మూడో ఏడాదో నాలుగో ఏడాదో చదువుతున్న ఇద్దరికి రాయండి. మొదటి ఏడాదివాళ్లకు ఇంకా అన్నీ బాగానే కనిపిస్తాయి. మీరు రాసిన ఆ ఇద్దర్నీ "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అంటారు. "మీ ఆఖరి డ్రాఫ్ట్ ఎన్ని రోజుల్లో తిరిగొచ్చింది? ఫీల్డ్ వర్క్ అనుమతికి ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవాళ్లకు హాని జరగకుండా చూసే కమిటీ) ఎన్ని నెలలు తీసుకుంది? మీతో చేరినవాళ్లలో ఎందరు మిగిలారు?" అని అడగండి. ఈ మూడు జవాబులు వస్తే చాలు.

తొందరపెడితే లొంగకండి. అమెరికాలో చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్లు ఒక ఒప్పందానికి కట్టుబడి ఉన్నాయి. దాని ప్రకారం ఆర్థిక సాయంతో వచ్చిన ఆఫర్‌కు ఏప్రిల్ 15 దాకా జవాబివ్వనవసరం లేదు. ఆ గడువు లేని చోట కూడా, ఇంకో యూనివర్సిటీ నుంచి జవాబు రావాల్సి ఉందని మర్యాదగా రాసి కొన్ని రోజులు అడగవచ్చు, చాలామంది ఇస్తారు. ఆ రోజుల్లో ఫండింగ్ వివరాలను రాతపూర్వకంగా తెప్పించుకోండి: ఎన్నేళ్లు, ఏడాదికి ఎన్ని నెలలు, వేసవిలో ఉందా, దానికి బదులు వారానికి ఎన్ని గంటలు పాఠం చెప్పాలి. ఆ ఉత్తరంలో ఏ ఏడాది దగ్గరైనా "అవకాశాన్ని బట్టి" అన్న మాట కనిపిస్తే, ఆ ఏడాదికి డబ్బు లేనట్టే లెక్కవేసుకుని అప్పుడు రెండో ఆఫర్‌తో పోల్చండి.